అనంతపురం నుంచి బెంగళూరు చాలెంజర్ టెన్నిస్: పాపతో ఒక్కరోజులో పోయి రావల్లంటే ఏ రోజు, ఎట్ల?

రాప్తాడు_రోడ్డు (అనంతపురం):

అందరికీ నమస్కారం. మా పాపకు 12 ఏండ్లు. మూడేండ్లుగా ఈడనే టెన్నిస్ నేర్చుకుంటాంది. టీవీలో తప్ప ప్రొఫెషనల్ ఆటగాళ్ళ ఆట కోర్టు పక్కన కూర్చొని చూసింది లేదు. బెంగళూరు కబ్బన్ పార్కు కోర్టుల్లో జరిగే ఏటీపీ చాలెంజర్‌కు (మగవాళ్ళ ప్రొఫెషనల్ టెన్నిస్‌లో పెద్ద టోర్నీలకు కింది మెట్టు పోటీ) ఈసారి తీసుకపోవల్లని ఉంది. రాత్రి ఆడ ఉండే వీలు లేదు. తెల్లారుజామున బయల్దేరి అదే రాత్రికి ఇల్లు చేరల్ల.

ఎవర్ని అడిగినా ఫైనల్‌కు పొమ్మంటాండారు. ఆదివారం కాబట్టి బడి కూడా పోదు. అది సరైన రోజేనా? యాడ కూర్చోవల్ల? ఎండ ఎట్ల ఉంటాది, ఏం తీసుకపోవచ్చు, ఏం లోపలికి రానీరు? అన్నిటికంటే ముఖ్యం, పాపకు ఏం చూపించల్ల? బంతి అటు పోయె ఇటు వచ్చె అని తల తిప్పి వచ్చేస్తే అంత దూరం పోయిన ఫలితం ఉండదు. బస్సా, రైలా, కారా అనేది కూడా చెప్పండి.

---

రెండో_సర్వీస్ (హిందూపురం):

ఆదివారమే పోండన్నా. కాకపోతే చివరి ఆదివారం కాదు, మొదటి ఆదివారం.

చాలెంజర్ వారం లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. సింగిల్స్ మెయిన్ డ్రాలో (అసలు పోటీలో) 32 మంది, డబుల్స్‌లో 16 జతలు. ఆ 32 స్థానాల్లో 6 క్వాలిఫయింగ్ గెలిచి వచ్చేవాళ్ళకు ఉంచుతారు. ఆ ఆరింటి కోసం 24 మంది ఆడతారు. మొదటి ఆదివారం క్వాలిఫయింగ్ తొలి రౌండ్, అంటే ఒక్క రోజులో 12 సింగిల్స్ మ్యాచులు. సోమవారం వాళ్ళ రెండో రౌండ్ 6 మ్యాచులు, దాంతోపాటే మెయిన్ డ్రా మొదలు. తర్వాత రోజు రోజుకూ తగ్గిపోతాయి. శుక్రవారానికి సింగిల్స్‌లో నాలుగు క్వార్టర్ ఫైనల్స్, శనివారానికి రెండు సెమీస్. చివరి ఆదివారానికి మిగిలేది మామూలుగా సింగిల్స్ ఫైనల్ ఒక్కటే. రానూ పోనూ 430 కిలోమీటర్లు ప్రయాణం చేసి, అది 6-2, 6-3తో 65 నిమిషాల్లో అయిపోతే పాప మొహం చూడలేరు.

క్వాలిఫయింగ్ అంటే చిన్న ఆట అనుకోవద్దు. అందులో ఆడేవాళ్ళలో ప్రపంచ ర్యాంకు 250 నుంచి 500 మధ్య ఉండేవాళ్ళే ఎక్కువ. హోటల్ ఖర్చు, కోచ్ ఖర్చు వెళ్ళాలంటే గెలవక తప్పని మనుషులు. ఆ ఆకలి దగ్గర్నుంచి చూడాల్సిందే. చాలెంజర్ నుంచి పైకి ఎంత దూరమో తెలియాలంటే ఆస్ట్రేలియా ఆటగాడు మాక్స్ పర్సెల్‌ను గుర్తు చేసుకోండి. 2023లో వరసగా మూడు వారాల్లో చెన్నై, బెంగళూరు, ఢిల్లీ చాలెంజర్లు మూడూ గెలిచాడు. అదే ఆగస్టులో సిన్సినాటి మాస్టర్స్‌లో క్వాలిఫయింగ్ నుంచి క్వార్టర్ ఫైనల్ దాకా పోయి అల్కరాజ్ మీద మొదటి సెట్ తీసుకున్నాడు. మనోళ్ళలో సుమిత్ నాగల్ 2017లో, ప్రజ్ఞేష్ గున్నేశ్వరన్ 2018లో ఈ బెంగళూరు టైటిల్ గెలిచారు.

ఇంకో లాభం, మొదటి ఆదివారం జనం పలచగా ఉంటారు. చాలెంజర్లలో క్వాలిఫయింగ్‌కు టికెట్ పెట్టకపోవడం మామూలే. అయినా ఆ ఏడాది టోర్నీవాళ్ళ ప్రకటన చూసుకునే బయల్దేరండి. తేదీలు కూడా ఏటా మారుతుంటాయి. జనవరి, మార్చి మధ్య ఒక వారం అనుకుని ఏటీపీ చాలెంజర్ క్యాలెండర్‌లో ఖాయం చేసుకోండి.

ఇక ఆర్డర్ ఆఫ్ ప్లే. ముందురోజు సాయంత్రం వస్తుంది, ఏ కోర్టులో ఎవరి తర్వాత ఎవరు అనేది అందులో ఉంటుంది. మొదటి మ్యాచ్‌కు మాత్రమే టైము రాస్తారు. తర్వాతవాటికి ‘ఫాలోడ్ బై’ అని ఉంటే ముందుది అయిపోగానే మొదలు. ‘నాట్ బిఫోర్’ అని ఉంటే ఆ టైముకు ముందు మొదలు కాదు, అంతే. ఆ టైముకే మొదలవుతుందని చాలామంది పొరపాటు పడతారు. రెండు సెట్ల మ్యాచ్ గంటన్నర లోపు, మూడు సెట్లు పోతే రెండు నుంచి రెండున్నర గంటలు. మధ్యలో వార్మప్, కోర్టు తుడవడం కలిపి 15 నిమిషాలు. పొద్దున 10కి మొదలైతే ఆ కోర్టులో నాలుగో మ్యాచ్ దాదాపు 4 గంటలకు పడుతుంది. మీరు 5కల్లా బయటపడాల్సినవాళ్ళు కాబట్టి, పాప చూడాలనుకున్న ఆటగాడు నాలుగో మ్యాచ్‌లో ఉంటే ఆశ పెట్టుకోవద్దు. మొదటి మూడింటిలోంచే ఎంచుకోండి.

ముందురాత్రి ఆ పేర్లు ఏటీపీ వెబ్‌సైట్‌లో వెతికి ఎడమచేతివాటం ఎవరు, ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఎవరు, సర్వ్ అండ్ వాలీ (సర్వ్ చేసి నెట్ దగ్గరికి దూసుకొచ్చే ఆట) ఆడేది ఎవరు అని ఒక కాగితం మీద రాసుకోండి. పాత చాలెంజర్ మ్యాచుల వీడియోలు కూడా దొరుకుతాయి. పాపే ముగ్గుర్ని ఎంచుకుంటే రోజంతా ఆమెకు ఒక పని ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు, సెంటర్ కోర్టులో మంచి సీటు దొరికిందని సాయంత్రం దాకా ఆడనే కూర్చోవడం. పక్క కోర్టుల్లో కంచె దగ్గర నిలబడితే ఆటగాడు రెండు మూడు మీటర్ల దూరంలో ఉంటాడు. బూట్ల కిర్రుమనే చప్పుడు, ఊపిరి, తనలో తాను తిట్టుకునే మాట అన్నీ వినపడతాయి. చాలెంజర్‌కు పోయేది దీనికోసమే.

---

బురుజు_బేస్‌లైన్ (కర్నూలు):

ప్రయాణం సంగతి నేను చెప్తా.

అనంతపురం నుంచి బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి మీద 215 కిలోమీటర్ల దాకా. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి, హెబ్బాళ. బస్సుకు నాలుగు నుంచి నాలుగున్నర గంటలు. తెల్లారుజామున 3:30 బస్సు పట్టుకుంటే 8 గంటలకు మెజెస్టిక్‌లో (బెంగళూరు పెద్ద బస్టాండు) ఉంటారు. అక్కడినుంచి మెట్రో పర్పుల్ లైన్, వైట్‌ఫీల్డ్ వైపు పోయేది ఎక్కి సెంట్రల్ కాలేజీ, విధాన సౌధ దాటాక కబ్బన్ పార్కు స్టేషన్‌లో దిగండి. పార్కులోంచి నడిచిపోతే టెన్నిస్ స్టేడియం. పది పదిహేను నిమిషాల నడక, పొద్దున పూట చెట్ల కింద హాయిగా ఉంటుంది. ఆదివారం మెట్రో మామూలు రోజులకంటే ఆలస్యంగా మొదలవుతుంది, కానీ 8 గంటలకు వచ్చేవాళ్ళకు ఇబ్బంది లేదు.

రైలు అయితే హిందూపురం, దొడ్డబళ్ళాపురం మీదుగా పోతుంది. యశ్వంతపురంలో దిగితే గ్రీన్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో పర్పుల్‌కు మారాలి. ఇబ్బంది ఏమంటే పొద్దున పోయే దూరపు రైళ్ళు రాత్రంతా నడిచి వచ్చేవి, ఆలస్యం ఎప్పుడైనా ఉంటుంది. గంట ఆలస్యమైతే మొదటి మ్యాచ్ పోయినట్టే. వందేభారత్ సుఖమే కానీ యశ్వంతపురం చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఒకరోజు ప్లాన్‌కు పనికిరాదు.

కారు వద్దని నా గట్టి మాట. మరూరు, బాగేపల్లి, సాదహళ్ళి టోల్‌గేట్లలో డబ్బు కట్టాలి. పార్కు లోపలి రోడ్లలో ఆదివారం బండ్లను పోనివ్వరు. కారు బయట ఎక్కడో పెట్టి నడవాల్సిందే. పైగా రోజంతా ఎండలో ఆట చూసిన మనిషి రాత్రిపూట నాలుగు గంటలు స్టీరింగ్ పట్టుకోవడం మంచిది కాదు.

తిరుగు ప్రయాణానికి 5 గంటలకు స్టేడియం వదిలితే 6 లోపు మెజెస్టిక్, బస్సు దొరికితే రాత్రి 10:30 ప్రాంతానికి అనంతపురం. టికెట్ ముందే తీసుకోండి. ఆదివారం సాయంత్రం ఊర్లనుంచి బెంగళూరు వచ్చేవైపు రద్దీ ఎక్కువ, మీరు పోయేవైపు కొంచెం నయం.

కర్నూలు నుంచి పోవాలనుకునేవాళ్ళు ఒక్క పగలులో పోయి రాలేరు. 360 కిలోమీటర్ల దాకా ఉంది. పోయేటప్పుడు రాత్రి బస్సు, వచ్చేటప్పుడు రాత్రి బస్సు, అదొక్కటే దారి.

---

స్ప్లిట్‌స్టెప్ (అనంతపురం, కోచింగ్):

‘పాపకు ఏం చూపించల్ల’ అన్నారు కదన్నా, ఈ చర్చలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే. ఓపిగ్గా చదవండి.

మొదటి మాట: బంతిని చూడనీయొద్దు. బంతి మీదనే కన్ను ఉంటే టీవీలో చూసినట్టే. ఒక్కో గేమ్‌కు ఒక్క పని ఇవ్వండి. మొదటి గేమంతా రిసీవర్ (సర్వ్ అందుకునేవాడు) కాళ్ళు మాత్రమే చూడమనండి. అవతలివాడి రాకెట్ బంతిని తాకే క్షణానికి ఇవతలివాడు చిన్నగా ఎగిరి రెండు కాళ్ళ మీద దిగుతాడు. ఆ స్ప్లిట్ స్టెప్ ఒక్క బంతికి కూడా తప్పదు, 40-0లో వెనకబడి ఉన్నా సరే. మన పిల్లలు మొదటి పది నిమిషాలు వేసి తర్వాత మర్చిపోయేది ఇదే. తర్వాతి గేమ్ రెండో సర్వీస్‌కు రిసీవర్ ఎంత ముందుకు వచ్చాడు, మొదటి సర్వీస్‌కు బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) నుంచి ఎంత వెనక నిల్చున్నాడు అనేది అడుగుల్లో అంచనా వేయమనండి. టీవీ కెమెరా వెనకనుంచి, ఎత్తునుంచి చూపిస్తుంది కాబట్టి లోతు అణిగిపోతుంది. కిక్ సర్వ్ బంతి లేచి రిసీవర్ భుజం దాకా వచ్చేది టీవీలో తెలియదు. పక్కనుంచి చూస్తేనే అర్థమవుతుంది.

రెండోది బెంగళూరు గాలి. మన అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది, బెంగళూరు 900 మీటర్ల పైన. గాలి పలచన, బంతికి అడ్డు తక్కువ. అందుకని అదే దెబ్బకు బంతి ఇంకొంచెం దూరం పోతుంది, టాప్‌స్పిన్ (ముందుకు గిర్రున తిరిగే బంతి) కిందికి దిగడం కాస్త ఆలస్యమవుతుంది. ఎత్తు ప్రదేశాల కోసం అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య వేరే బంతులు పెట్టింది కానీ అవి 1219 మీటర్లు దాటినచోటికే. బెంగళూరు ఆ గీతకు కింద ఉంది, మామూలు బంతులే. అందుకే అక్కడ మొదటి రోజుల్లో ఆటగాళ్ళు బేస్‌లైన్ దాటేసి బంతులు పోగొట్టుకోవడం కనపడుతుంది. దీనికి వాళ్ళు చేసే పని రాకెట్ తీగలు ఒకటి రెండు కిలోలు బిగువుగా వేయించుకోవడం. 23 కిలోలు వేసేవాడు 24 వేస్తాడు. మ్యాచ్ మధ్యలో ఆటగాడు రాకెట్ మార్చి, తీగల మీద అరచేతితో కొట్టి చప్పుడు వింటుంటే, బిగువు చూస్తున్నాడని పాపకు చెప్పండి. క్వాలిఫయింగ్ రోజు ఇది ఇంకా బాగా కనపడుతుంది. అప్పుడే వేరే ఊరినుంచి దిగినవాళ్ళు కదా, ఇంకా అలవాటు పడి ఉండరు.

మూడోది కొత్త బంతులు. మామూలుగా మొదటిసారి 7 గేమ్‌లకు, ఆ తర్వాత ప్రతి 9 గేమ్‌లకు బంతులు మారుస్తారు. వార్మప్‌లో కూడా బంతి అరుగుతుంది కాబట్టి అది రెండు గేమ్‌ల కింద లెక్క, అందుకే మొదట 7. కొత్త బంతులు వచ్చాక సర్వ్ చేసేవాడు ఒక బంతి పైకెత్తి అవతలివాడికి చూపిస్తాడు. ఆ గేమ్‌లో సర్వ్ వేగం, ఎత్తు రెండూ మారతాయి. గేమ్‌లు లెక్కపెట్టుకుని ‘ఇప్పుడు బంతులు మారతాయి’ అని పాపే ముందుగా చెప్పగలిగితే, ఆమె ఆట చదువుతోందని అర్థం.

నాలుగోది పాయింటుకు పాయింటుకు మధ్య 25 సెకన్లు. పాయింట్ పోయాక వాళ్ళు ఏం చేస్తారో చూడాలి. కొందరు టవల్ దగ్గరికి పోతారు, కొందరు తీగలు సర్దుకుంటారు, కొందరు వీపు తిప్పి వెనక గోడ వైపు నడుస్తారు. ఆ 25 సెకన్లలో పోయిన పాయింట్‌ను వదిలేసి తర్వాతి సర్వ్ ఎటు వేయాలో నిర్ణయించుకోవాలి. పిల్లలు ఓడేది ఎక్కువగా ఇక్కడే, ఫోర్‌హ్యాండ్ దగ్గర కాదు. అలాగే 2025 జనవరి 1 నుంచి కోర్టు బయట కూర్చున్న కోచ్ మాట చెప్పడానికి నియమాలు ఒప్పుకుంటాయి. కోచ్‌లు కూర్చునేచోటికి దగ్గరగా ఉంటే ‘ఇంకా వెనక్కి’, ‘బాడీకి వెయ్యి’ లాంటి పొట్టి మాటలు వినపడతాయి. వచ్చిన భాషలో ఉంటేనే అర్థమవుతుంది, కానీ చేతిసైగలకు భాష అక్కర్లేదు.

మధ్యలో ఒక అరగంట ప్రాక్టీస్ కోర్టుల దగ్గరికి తీసుకుపోండి. మ్యాచ్ అయిపోయినవాళ్ళూ, సోమవారం ఆడబోయే మెయిన్ డ్రా ఆటగాళ్ళూ అక్కడ ఆడుతుంటారు. మొదట సగం కోర్టులో మెల్లగా, తర్వాత బేస్‌లైన్‌కు పోయి క్రాస్‌కోర్టు, డౌన్ ద లైన్, వాలీలు, స్మాష్‌లు, చివర్న సర్వ్‌లు. ఈ వరస పాప నోట్‌బుక్‌లో రాసుకుంటే మరుసటి రోజు నుంచే తన ప్రాక్టీస్‌లో వాడుకోవచ్చు.

మన ఊళ్ళో పిల్లలకు దీని విలువ ఎక్కువ. 2010లో రాఫా నడాల్ ఫౌండేషన్, ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కలిసి అనంతపురంలో టెన్నిస్ స్కూలు తెరిచినప్పుడు నడాల్ స్వయంగా వచ్చాడు. కోర్టులు ఉన్నాయి, నేర్పేవాళ్ళు ఉన్నారు. దగ్గర్నుంచి చూసే అవకాశమే మన పిల్లలకు తక్కువ.

---

డ్యూస్_కోర్ట్ (ధర్మవరం):

రెండో_సర్వీస్ అన్నతో ఒక్కచోట నాకు కుదరదు. పాపకు బడి ఒక్కరోజు పోయినా ఫర్వాలేదనుకుంటే శుక్రవారం పోవాలి. నాలుగు క్వార్టర్ ఫైనల్స్ ఉంటాయి, డబుల్స్ సెమీస్ కూడా ఆ రోజే పడతాయి. మనవాళ్ళు బలంగా ఆడేది డబుల్స్‌లోనే. 2022లో బెంగళూరు చాలెంజర్ డబుల్స్ టైటిల్ మన తెలుగు ఆటగాడు సాకేత్ మైనేని, రామ్‌కుమార్ రామనాథన్ జత గెలిచింది. మొదటి ఆదివారం డబుల్స్ ఒక్కటి కూడా ఉండదు.

చాలెంజర్ డబుల్స్ చూడ్డానికి ముందు రెండు నియమాలు పాపకు చెప్పి పెట్టండి. డ్యూస్ (40-40) దగ్గర అడ్వాంటేజ్ ఉండదు, ఒక్క పాయింట్‌తో గేమ్ తేలిపోతుంది. ఎటువైపు రిసీవ్ చేయాలనేది రిసీవర్ జత ఎంచుకుంటుంది. ఒక్కో సెట్ గెలిస్తే మూడో సెట్ బదులు 10 పాయింట్ల టైబ్రేక్, రెండు పాయింట్ల తేడాతో గెలవాలి. అందుకే డబుల్స్ చాలావరకు గంటంపావులో ముగుస్తుంది, ఒకరోజు ప్లాన్‌లో బాగా ఇముడుతుంది. నెట్ దగ్గర ఉన్నవాడు వీపు వెనక వేళ్ళతో చేసే సైగ చూడాలంటే సర్వ్ చేసేవాడి వెనకవైపు కూర్చోవాలి.

---

రెండో_సర్వీస్ (హిందూపురం):

శుక్రవారం మంచి రోజే, కాదనను. కానీ అప్పటికి చాలా మ్యాచులు పెద్ద కోర్టులోకి మారిపోతాయి, పక్క కోర్టుల్లో కంచె దగ్గర నిలబడి చూసేది తగ్గిపోతుంది. మొదటిసారి పోయే పిల్లకు దగ్గరే ముఖ్యం అని నా నమ్మకం. రెండోసారికి శుక్రవారం.

సీటు, ఎండ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు, అది కూడా రాస్తా. టెన్నిస్ కోర్టులు మామూలుగా ఉత్తరం దక్షిణంగా వేస్తారు, పొద్దున సాయంత్రం సూర్యుడు ఆటగాళ్ళ కళ్ళలోకి కొట్టకుండా. కాబట్టి పొద్దున తూర్పు పక్క కూర్చుంటే ఎండ వీపుకు, మధ్యాహ్నం 1 దాటాక పడమటి పక్కకు మారితే మళ్ళీ వీపుకే. ఫోన్‌లో దిక్సూచి చూసుకుంటే సరి. పై కప్పు ఉందని ఒకేవైపు కూర్చుంటే ఏటవాలు ఎండ మొహానికి కొడుతుంది. ఫిబ్రవరిలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు. ఉత్తరం పక్కనుంచి సర్వ్ చేసేవాడికి టాస్‌కు (సర్వ్ కోసం) బంతి ఎగరేయగానే సూర్యుడు కళ్ళలో పడతాడు. టాస్ కొంచెం పక్కకు వేస్తాడు, డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వ్‌లూ తప్పడం) ఆ పక్కనే ఎక్కువ పడతాయి. ఇది కూడా పాప రాసుకోవచ్చు.

నెట్‌కు సూటిగా మధ్యలో కూర్చోవద్దు, మెడ నొప్పి తప్ప లాభం లేదు. మూలల్లో, బేస్‌లైన్‌కు ఏటవాలుగా కూర్చుంటే షాట్ కోణం, వేగం రెండూ తెలుస్తాయి.

నడిచే నియమం: పాయింట్ జరుగుతుంటే లేవకూడదు. మామూలుగా ఆటగాళ్ళు కోర్టులో అటూ ఇటూ పక్కలు మారినప్పుడు మాత్రమే కదలాలి. 1, 3, 5 ఇట్ల బేసి గేమ్‌ల తర్వాత మారతారు, అప్పుడు 90 సెకన్లు దొరుకుతాయి. అయితే సెట్‌లో మొదటి గేమ్ తర్వాత ఆటగాళ్ళు కూర్చోరు, నేరుగా అవతలికి పోతారు. ఆ టైములో లేస్తే దారి మధ్యలో ఇరుక్కుపోతారు. టైబ్రేక్‌లో కూడా అంతే, 6 పాయింట్లకు ఒకసారి ఆగకుండా మారతారు. సెట్ అయ్యాక 120 సెకన్లు. బాత్‌రూమ్‌కు ఆ రెండు నిమిషాలు చాలవు, పాపను మ్యాచ్‌కు మ్యాచ్‌కు మధ్యలోనే తీసుకుపోండి. కంచె దగ్గర నిలబడి చూసినా ఇదే నియమం. సర్వ్ చేసేవాడి ఎదురుగా కంచె వెనక రంగు చొక్కా కదిలినా వాళ్ళకు ఇబ్బంది.

సామాను: ఫ్లాష్ ఆపేసిన ఫోన్, పవర్ బ్యాంక్, టోపీ, పల్చటి పొడుగుచేతుల చొక్కా. స్టీలు, గాజు సీసాలు చాలాచోట్ల గేటులోనే ఆపేస్తారు, ప్లాస్టిక్ సీసా పెట్టుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక లీటరుకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్. బెంగళూరు చల్లటి ఊరని మనవాళ్ళు నీళ్ళు తాగరు. గాలి చల్లగానే ఉంటుంది, ఎండ మాత్రం కాలుస్తుంది. బైటి తిండి రానివ్వకపోవచ్చు. చిత్రాన్నం డబ్బా తీసుకుపోతే మ్యాచుల మధ్య బయటికి వచ్చి తినాలి, తిరిగి లోపలికి పోనిస్తారా అని గేటు దగ్గర ముందే అడగండి. చెనిక్కాయ ఉండలు జేబులో పడతాయి, వాటికి ఎవరూ అడ్డం చెప్పరు.

---

పెన్నా_లెఫ్ట్‌హ్యాండ్ (కడప):

కడప వైపువాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. మనకు బెంగళూరు కంటే చెన్నై సులువు. కడప నుంచి రైల్వేకోడూరు, రేణిగుంట మీదుగా చెన్నై 260 కిలోమీటర్ల దాకా. సెంట్రల్‌లో దిగితే ఎదురుగానే ఉన్న పార్క్ స్టేషన్‌లో తాంబరం వైపు పోయే లోకల్ ఎక్కి ఎగ్మోర్, చెట్‌పెట్ తర్వాత నుంగంబాకంలో దిగాల. ఎస్‌డీఏటీ టెన్నిస్ స్టేడియం ఆ ప్రాంతంలోనే ఉండాది. 1997 నుంచి 2017 దాకా చెన్నై ఓపెన్ ఏటీపీ టోర్నీ ఆడనే జరిగేది. 2022లో అదే స్టేడియంలో డబ్ల్యూటీఏ (ఆడవాళ్ళ ప్రొఫెషనల్) టోర్నీ జరిగితే 17 ఏండ్ల లిండా ఫ్రుహ్విర్తోవా గెలిచింది. ఆడపిల్లలకు చూపించాలంటే డబ్ల్యూటీఏ టోర్నీ మేలు.

జాగ్రత్త పడాల్సింది వాన గురించి. అక్టోబర్, నవంబర్‌లో పెడితే ఈశాన్య రుతుపవనాల కాలం. హార్డ్ కోర్టు మీద నాలుగు చినుకులు పడినా ఆట ఆపేస్తారు, గీతల మీద జారుతుంది. వాన ఆగినాక నీళ్ళు తోసి, తువ్వాళ్ళతో ఒత్తి, ఆరబెట్టేదానికి ముక్కాలు గంట నుంచి గంటన్నర. ఆ గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. టికెట్ మీద వాన నియమం ఏముందో కొనేముందే చదవాల. ఆట కూడా వేరే. చెన్నై సముద్రమట్టంలో ఉండే ఊరు, తేమ గాలి. బంతి బరువెక్కినట్టు ఉంటాది, ర్యాలీలు పొడుగు. స్ప్లిట్‌స్టెప్ చెప్పిన బెంగళూరు లెక్క అంతా ఆడ తిరగబడుతుంది.

---

రాప్తాడు_రోడ్డు (అనంతపురం):

అందరికీ చేతులెత్తి దండం. మొదటి ఆదివారానికే ఖాయం చేసుకున్నా. మూడు చిన్న అనుమానాలు. పాప సంతకాలు తీసుకుంటానంటాంది, ఎప్పుడు అడగల్ల? బంతి మన దగ్గరికొచ్చి పడితే ఉంచుకోవచ్చా? ఇంట్లో వాళ్ళ అమ్మకు ఫోన్‌లో స్కోరు చెప్తా ఉండొచ్చా?

---

స్ప్లిట్‌స్టెప్ (అనంతపురం, కోచింగ్):

సంతకాలకు గెలిచినవాళ్ళు కోర్టునుంచి బయటికి వచ్చే దారిలో నిలబడండి. ఓడినవాళ్ళను ఆ గంట వదిలేయండి. ప్రాక్టీస్ ముగించి సంచి సర్దుకునేటప్పుడు అడిగితే ఇంకా తీరిగ్గా రాస్తారు. నల్ల పర్మనెంట్ మార్కర్లు రెండు పెట్టుకోండి, ఒకటి ఎండకు ఆరిపోతుంది. టెన్నిస్ బంతి నూగు మీద సిరా పాకి సంతకం గజిబిజి అవుతుంది. టోపీ అంచు, లేదా గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్ మేలు. మార్కర్ మూత తీసి అందించడం పాపకు నేర్పండి, వాళ్ళ చేతిలో అప్పటికే సంచి, సీసా ఉంటాయి.

బంతి తిరిగి ఇచ్చేయాలి. క్రికెట్ మాదిరే టెన్నిస్‌లోనూ లెక్క ప్రకారం బంతులు ఉంటాయి, మామూలుగా ఒక కోర్టులో ఆరు. ఒకటి తగ్గితే దానంతే అరిగిన ఇంకో బంతి వెతకాలి. పాయింట్ అయ్యేదాకా ఆగి బాల్‌బాయ్‌కు మెల్లగా విసరండి, ఆట మధ్యలో విసిరితే అంపైర్ ‘లెట్’ అని పాయింట్ మళ్ళీ ఆడిస్తాడు.

ఫోన్‌లో స్కోరు చెప్పడం మాత్రం వద్దే వద్దు. కోర్టు పక్కనుంచి పాయింటు పాయింటూ బయటికి పంపడం పందేలవాళ్ళ పని. అందుకని టోర్నీలు దాన్ని నిషేధించి, అట్ల చేస్తున్నట్టు కనిపించినవాళ్ళను బయటికి పంపేస్తాయి. అమ్మకు ఏటీపీ యాప్ పెట్టించండి, లైవ్ స్కోరు ఆమే చూసుకుంటుంది.

---

బురుజు_బేస్‌లైన్ (కర్నూలు):

ఒక్కటి మర్చిపోయినా. శనివారం సాయంత్రం ఆర్డర్ ఆఫ్ ప్లే వచ్చాక పాప ఎంచుకున్న ముగ్గురి పేర్లు ఆదివారం పొద్దున బస్సులో ఇంకోసారి సరిచూడండి. క్వాలిఫయింగ్‌లో ఆడాల్సినవాడు రాత్రికి రాత్రి మెయిన్ డ్రాలో ఎవరో తప్పుకోవడంతో నేరుగా పైకి పోవచ్చు, గాయంతో తప్పుకోవచ్చు, కోర్టు నంబరు మారొచ్చు. కాగితం మీద ముగ్గురికి తోడు ఇంకో ఇద్దరి పేర్లు రాసుకోండి. మెజెస్టిక్‌లో దిగేసరికి మొదటి మ్యాచ్ ఏ కోర్టుకు పోవాలో తేలిపోయి ఉండాలి.